ప్లాటు, పార్కు, పట్టా: హైదరాబాద్ కాలనీ సంఘాల పుట్టుపూర్వోత్తరాలు

హైదరాబాద్‌లో నివాస ప్రాంతాలకు వాడే మాటలన్నీ ఒకే కాలానివి కావు. మొహల్లా, గంజ్, బాగ్, గూడ, పేట అనేవి పాత పొరకు చెందినవి కాగా, ‘కాలనీ’ ఇరవయ్యో శతాబ్దంలో స్థిరపడిన మాట. ముందే గీసిన నక్షా ప్రకారం నేలను ప్లాట్లుగా విడగొట్టి, మధ్యలో రోడ్లు వదిలి, ఏదో ఒక సంస్థ తన ఉద్యోగులకో సభ్యులకో కొనుగోలుదారులకో అప్పగించిన చోటు అని దాని అర్థం. కాలనీ సంక్షేమ సంఘం ఇరుగుపొరుగు సఖ్యతలోంచి దానంతటదే మొలిచిందని చెప్పుకోవడం వాడుకే గాని, చరిత్రను చూస్తే దాని మూలం మరోచోట కనిపిస్తుంది. నేలను పంచినవాడు తప్పుకొన్న తరువాత, పురపాలక యంత్రాంగం ఇంకా చేరుకోకముందు మిగిలిన ఖాళీలో ఈ సంఘం నిలబడింది. ఆ పుట్టుక గుర్తులు దాని సభ్యత్వ నియమాల్లోనూ, అది పట్టించుకొనే సమస్యల్లోనూ ఈనాటికీ చెరగలేదు.

నగరంలో పురపాలన 1869లో మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్న కాలంలో మొదలైంది. నగరాన్ని నాలుగు భాగాలుగా, శివారైన చాదర్‌ఘాట్‌ను ఐదు భాగాలుగా విభజించిన ఆ ఏర్పాటులో వీధివాసులు తమంత తాము జట్టుకట్టి దాఖలు చేసుకోవలసిన సంఘానికి చోటు లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమంది ప్రాణాలు తీసి, వేల ఇళ్లను కూల్చింది. ఆ వెనకనే వచ్చిన ప్లేగు భయం ఇరుకు వాడల మీద ప్రభుత్వ దృష్టిని నిలపగా, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు ఇళ్లను తొలగించడం, రోడ్లు వెడల్పు చేయడం, తక్కువ అద్దెకు ఇళ్లు కట్టి ఇవ్వడం దాని పనులు. ఆ ఇళ్లకు యజమాని మండలే కనుక కప్పు కారినా, కాలువ పూడినా అడగవలసిన గుమ్మం ఒక్కటే ఉండేది. 1960లో ఈ మండలి స్థానంలోకి ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ మండలి వచ్చాక పరిస్థితి మారింది. విజయనగర్ కాలనీ, సంజీవరెడ్డి నగర్, ఆ తరువాత కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ వంటి చోట్ల అద్దెకు బదులు వాయిదాల మీద అమ్మకం ప్రధానమైంది. ఆదాయాన్ని బట్టి ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ అని, అంటే అల్ప, మధ్య, ఉన్నత ఆదాయ వర్గాల ఇళ్లని విభజించి అమ్మిన ఆ కాలనీల్లో వాయిదాలు తీరిన ఇంటికి బోర్డు యజమాని కాదు. అయితే రెండిళ్ల మధ్య కాలువకు యజమాని ఎవరన్నది అంత తేలికగా తేలే విషయం కాదు.

గృహనిర్మాణ సహకార సంఘాలు ఇంతకన్నా విస్తారమైన పాత్ర వహించాయి. ఒకే కార్యాలయంలోనో ఒకే వృత్తిలోనో ఉన్నవారు వాటాధనం పోగుచేసి, ఊరి చివర పొలం కొని, ప్లాట్లు వేసి సభ్యులకు రిజిస్టరు చేసే ఈ పద్ధతికి 1964 నాటి సహకార సంఘాల చట్టం ఆధారం. నగర పటమే దీనికి సాక్ష్యం: తపాలా, తంతి ఉద్యోగుల పేర పి అండ్ టి కాలనీ, బీమా ఉద్యోగుల పేర ఎల్‌ఐసీ కాలనీ, నాన్ గెజిటెడ్ ఉద్యోగుల పేర ఎన్జీఓస్ కాలనీ. ఈ చివరి పేరును చూసి స్వచ్ఛంద సంస్థలవారు కట్టుకొన్న కాలనీ అనుకొనే కొత్తవారు ఉంటే, అది భాషలో వచ్చిన మార్పే గాని వారి పొరపాటు కాదు. సహకార సంఘం పని చివరి ప్లాటు రిజిస్ట్రేషన్‌తో దాదాపు ముగిసేది. కాలనీలో చాలాచోట్ల అప్పటికి మట్టిరోడ్లే. వీధిదీపాలు లేవు, మురుగుకు దారి లేదు, మంజీరా నీటి గొట్టం ఎక్కడో ఆగిపోయేది. శివారు కాలనీలు అనేకం అప్పటికి గ్రామ పంచాయతీల పరిధిలోనే ఉండేవి; ఒక పల్లె పన్నుల మీద బతికే పంచాయతీకి వందల ప్లాట్ల నక్షాను మోసే శక్తి లేదు. అందువల్ల ఇల్లు కట్టుకొని వచ్చిన మొదటి పది పదిహేను కుటుంబాలు చందాలు వేసుకొని కామన్ బోరు తవ్వించడం, రాత్రి కాపలాకు గూర్ఖాను పెట్టుకోవడం, కరెంటు స్తంభం కోసం అర్జీ పట్టుకొని తిరగడం అనే మూడు పనులతోనే సంక్షేమ సంఘం రూపుకట్టేది.

ఈ సంఘానికి చట్టం ఇచ్చింది చాలా కొద్ది. తెలంగాణ ప్రాంతంలో ఇవి 1350 ఫస్లీ నాటి పబ్లిక్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యేవి. ఫస్లీ అంటే నిజాం రాజ్యంలో రెవెన్యూ లెక్కలకు వాడిన శకం, దానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. ఆంధ్ర ప్రాంతంలో చెల్లిన 1860 నాటి చట్టాన్నీ, ఈ ఫస్లీ చట్టాన్నీ తొలగించి 2001లో రాష్ట్రమంతటికీ ఒకే చట్టం తెచ్చారు. ఏడుగురు కలిసి ఆశయాలూ బైలాలూ రాసి దాఖలు చేస్తే సంఘం ఏర్పడుతుంది. సంఘానికి పన్ను వేసే అధికారం లేదు. చందా ఎగవేసినవాడి నల్లా కట్టేసే హక్కు లేదు. కార్యదర్శి చేతిలో ఉన్నవి ఒక రసీదు పుస్తకం, ఒక లెటర్‌హెడ్, మొహమాటం మాత్రమే.

ఇంత బలహీనమైన సంస్థ ఒక్క విషయంలో మాత్రం గట్టిగా పనిచేసింది. లేఅవుట్‌లో ఉమ్మడి అవసరాలకు కొంత ఖాళీ స్థలం వదలాలన్నది నియమం. కాగితం మీద పచ్చరంగు పూసిన ఆ ముక్క నేల మీద ముళ్లపొదగా ఏళ్లతరబడి పడి ఉండేది. ప్లాట్ల ధర పెరిగే కొద్దీ దానికి కొత్త సర్వే నంబర్లు, పాత వారసులు, తిరగరాసిన నక్షాలు పుట్టుకొచ్చేవి. వీటికి అడ్డుపడాలంటే మొదట ఆమోదం పొందిన నక్షా ప్రతి ఎవరి దగ్గరో ఒకరి దగ్గర భద్రంగా ఉండాలి. పురపాలక కార్యాలయంలో దొరకని ఆ ప్రతి పదవీ విరమణ చేసిన కార్యదర్శి ఇనుప బీరువాలో దొరకడం కాలనీల చరిత్రలో అరుదేమీ కాదు. అయితే ఆక్రమణను అడ్డుకొన్న సంఘమే అదే స్థలంలో ఓ మూల గుడికీ, మరో మూల కమ్యూనిటీ హాలుకూ పునాది వేసిన సందర్భాలు తక్కువేమీ కావు. పిల్లల ఆటస్థలాన్ని ఇతరుల నుంచి కాపాడి తామే కుదించిన ఈ పద్ధతిని సంఘాలు ఆక్రమణగా ఎన్నడూ లెక్కించలేదు. ఆమోదమే లేని లేఅవుట్లలో ఈ పోరాటానికి ఆస్కారమే లేదు. 2020 నాటి క్రమబద్ధీకరణ నియమాలు ఖాళీ స్థలం వదలని లేఅవుట్లలో ప్లాటు విలువలో 14 శాతం రుసుముగా అడిగాయి. పార్కు లేని లోటు ఆ విధంగా డబ్బులోకి మారింది.

బస్తీల్లో సంఘం చరిత్ర ఇందుకు భిన్నం. 1967లో హైదరాబాద్‌లో మొదలైన పట్టణ సామాజికాభివృద్ధి పథకం, యూసీడీ అనే పొట్టి పేరుతో జనానికి తెలిసినది, మురికివాడల్లో బస్తీ కమిటీలనూ మహిళా మండళ్లనూ కూడగట్టి బాలవాడీలు, కుట్టు శిక్షణ, తరువాత గృహనిర్మాణం వాటి ద్వారా నడిపింది. 1980లలో బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో మురికివాడల మెరుగుదల కార్యక్రమం కూడా ఈ దారినే సాగింది. కాలనీ సంఘం చేతిలో పట్టా ఉండి రోడ్డు అడిగితే, బస్తీ కమిటీ తరచు రోడ్డు ముందు సంపాదించుకొని, దాన్నే సాక్ష్యంగా చూపి పట్టా అడిగింది. ప్రభుత్వ స్థలాల్లో 125 గజాల లోపు ఇళ్లను ఉచితంగా క్రమబద్ధీకరించిన 2014 నాటి 58వ నంబరు ఉత్తర్వు ఈ పాత కోరికకు వచ్చిన ఆలస్యపు జవాబుల్లో ఒకటి. పక్కపక్కనే ఉన్న కాలనీ సంఘమూ బస్తీ కమిటీ ఒకే నాలా గురించి వేర్వేరు అర్జీలు పెట్టుకోవడానికి కారణం ఇక్కడే ఉంది: ఒకరికి నాలా దుర్వాసన, మరొకరికి నాలా వెడల్పు చేస్తే పోయే ఇల్లు.

అపార్ట్‌మెంట్లు వచ్చాక సంఘం స్వభావం మళ్లీ మారింది. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ఫ్లాటుతోపాటు నేలలోనూ మెట్లలోనూ ప్రతి యజమానికీ విడదీయరాని వాటా ఉంటుందని చెప్పి, యజమానుల సంఘాన్ని తప్పనిసరి చేసింది. చందా ‘మెయింటెనెన్స్’ అయింది; సభ్యుడికి నెలకు 7,500 రూపాయలు దాటి, సంఘం ఏడాది రాబడి 20 లక్షలు మించితే దానిపై వస్తుసేవల పన్ను కూడా పడుతోంది. ఓటు మాత్రం ఇప్పటికీ ఫ్లాటుదే. పదేళ్లుగా అద్దెకుంటూ నెలనెలా మెయింటెనెన్స్ కట్టే కుటుంబానికి చాలా సంఘాల సర్వసభ్య సమావేశంలో కుర్చీ ఉంటుంది గాని చెయ్యెత్తే హక్కు ఉండదు. అమెరికాలో ఉన్న యజమానికి కుర్చీ అవసరం లేకుండానే ఆ హక్కు ఉంటుంది.

పన్నెండు పురపాలక సంఘాలు, ఎనిమిది గ్రామ పంచాయతీలు 2007 ఏప్రిల్ 16న మహానగరపాలక సంస్థలో కలిసిపోవడంతో పాత శివారు కాలనీల కార్యదర్శులు అర్జీలు పట్టుకొని వెళ్లవలసిన కార్యాలయం మారింది, దూరమూ పెరిగింది. మూడు లక్షలు అంతకు మించిన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ చెప్పినా, కార్పొరేటర్‌కూ సంఘాలకూ మధ్య సంబంధం ఎక్కువగా పరిచయాల మీదనే నడిచింది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం ఈ కథలో వరసనే తిరగేసింది. నేలను పంచినవాడు వెళ్లిపోయాక, నల్లా రాక, దీపం లేక ఇరుగుపొరుగు కూడితే సంఘం పుట్టేది; ఇప్పుడు వేరే స్థానిక చట్టం లేనిచోట, సగానికి మించి కొనుగోలుదారులు బుక్ చేసుకొన్న మూడు నెలల్లోపు సంఘం ఏర్పడేలా చూడవలసిన బాధ్యత నిర్మాణదారుడిదే. పునాదుల గోతిలో ఇంకా నీళ్లు నిలిచి ఉండగానే, ఒకరి ముఖం ఒకరు చూడనివారికి అధ్యక్షుడూ కోశాధికారీ ఉంటారు.