బ్యాచ్‌లో లేనివాళ్ళు

మొన్న చోడవరంలో మా పదో తరగతి బ్యాచ్ కలుసుకుంది. భోజనాలకు ముందు, చనిపోయిన ముగ్గురి పేర్లు చదివి రెండు నిమిషాలు మౌనం పాటించాం. నాతో పాటు మా పేట నుంచి ఒకటో తరగతిలో చేరిన ఇద్దరు కూడా పోయారు. వాళ్ళ పేర్లు రాలేదు. ఏడో తరగతిలోనే బడి మానేసి చెరకు నరకడానికి పోయినోళ్ళు బ్యాచ్‌లోకి ఎలా వస్తారు? మౌనం దక్కాలన్నా పదో తరగతి దాకా రావాలన్నమాట.

మిత్రులారా, 1968లో కంచికచర్లలో దొంగతనం అంటగట్టి కోటేశును సజీవంగా తగలబెట్టారు. ఆ ఊరి బిడ్డ కలేకూరి ప్రసాద్ అప్పటికి పసివాడు. పెద్దయ్యాక ‘పిడికెడు ఆత్మగౌరవం కోసం’ కవితలో కోటేశును తనలో కలుపుకున్నాడు. కేసు కాగితాలు కాదు, ఆ కవితే కోటేశు పేరును మన తరం దాకా మోసుకొచ్చింది. 2013లో కలేకూరీ వెళ్ళిపోయాడు.

మావాళ్ళను ఎవరూ తగలబెట్టలేదు. ఒకడు జ్వరంతో పోయాడు, ఇంకొకడు లారీ కింద పడ్డాడు. జ్వరంతో పోయినవాడు పలక మీద నాకంటే గుండ్రంగా రాసేవాడు. క్లాసులో కలేకూరిని పాఠం చెప్పే నాకు, వీడు ఏ ఏడు పోయాడో తెలీదు. డాక్టరేట్ మాత్రం ఉంది.

నిన్న వాళ్ళమ్మని అడిగాను. “హుద్‌హుద్ తుపానొచ్చిన యేడు బాబూ, సంక్రాంతికి ముందు” అంది. అంటే 2014 అక్టోబరుకీ 2015 జనవరికీ మధ్య. రాసుకున్నాను. ఆదివారం రెండోవాడి ఇంటికి వెళ్ళాలి.