బుర్రకథలో వంతపాట

వంత పాడటమంటే ఎదుటివాడు అన్నదానికల్లా తలూపటమని మన నుడికారం. బుర్రకథ చూచినవాడు ఆ మాట అంత తేలికగా అనలేడు. నడుమ కథకుడు తంబురా భుజాన వేసుకొని, బొటనవేలి అందెలు మోగిస్తూ కథ నడుపుతాడు. ఇరుపక్కలా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. తందాన అనటం వారి పనిలో సగమే. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథకుడు వీరుణ్ణి ఆకాశానికెత్తుతుంటే హాస్యగాడు అడ్డు తగులుతాడు. ఆ యుద్ధంలో కూలివాడికేమి ఒరిగిందని నిలదీస్తాడు. రెండవవాడు పలనాటి కథను నేటి పన్నుల దాకా లాక్కువస్తాడు. శ్రోతకు కలిగే అనుమానానికి వేదిక మీదనే చోటిచ్చిన రూపమిది. జాతి సంస్కృతి అంటూ తంబురాకు దండవేసేవారు యీ చోటు సంగతి ఆలోచించరు.

ఊరూరా తిరిగి జంగాలు చెప్పిన జంగం కథ దీనికి మూలం. భూస్వామ్య గ్రామంలో అది కులవృత్తి. పెట్టేవాడి ముఖం చూడక తప్పని వృత్తి. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి దానిని కులం చేతినుండి, దాత గుమ్మంనుండి తప్పించింది. సుంకర సత్యనారాయణ రాసిన బుర్రకథకు పేరే 'కష్టజీవి'. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పేద దూదేకుల ఇంట పుట్టిన షేక్ నాజర్ పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం చెప్పిన గొంతుతోనే బెంగాలు కరువునూ చెప్పాడు. సంప్రదాయం ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు యింతకంటె సమాధానమేమి కావాలి? స్త్రీలు వంతలుగా నిలవటం పాతదే. మోటూరు ఉదయం దళంతో స్త్రీ నడిమి స్థానానికి వచ్చి కథ తానే నడిపింది. మద్రాసు ప్రభుత్వమూ, నిజాం ప్రభుత్వమూ బుర్రకథను నిషేధించాయంటే భయపడింది పాటకు కాదు, మధ్యలో వచ్చే ఆ మాటలకు.

సినిమా వచ్చి బుర్రకథను చంపిందని అందరూ అనేమాట. నాకది సగం నిజంగానే తోస్తుంది. నిషేధం చేయలేని పని ఆదరణ చేసింది. కేంద్రప్రభుత్వం 1954లో పాటలు, నాటకాల విభాగం నెలకొల్పింది. జానపద కళలు ప్రణాళికల ప్రచారానికి వచ్చాయి. బుర్రకథ కుటుంబ నియంత్రణ చెప్పింది, పొదుపు చెప్పింది. చెప్పిన సంగతులు చెడ్డవని కాదు. కళాకారులకు నాలుగు మెతుకులు దొరికాయి కూడా. కాని చెప్పవలసిన మాట కార్యాలయంలోనే ఖాయమై వచ్చినప్పుడు వంత అడ్డుప్రశ్న వేసేదెలా? అడిగినా దానికి జవాబు ముందే రాసివుంటుంది. నుడికారం అన్నంతపనీ అయింది.

ఒకనాటి ప్రభుత్వాలు నిషేధించిన కళకు 1986లో నాజర్ పేర పద్మశ్రీ వచ్చింది. 1997లో ఆయన కన్నుమూశాడు. ఆ గౌరవం న్యాయమే. అయితే తరతరాలుగా కథ మోసిన జంగం కుటుంబాలు ఆ తరువాత ఏ కూలికి పోయాయో మన ప్రజాకళల చరిత్రలు ఒక పేరాలో తేల్చివేస్తాయి. కథ కులం దాటినందుకు సంతోషించిన మనం, కులంతోపాటు కూడు కూడా పోయినవారి లెక్క తీయలేదు. ఇక కళాశాలల ఉత్సవాలలో బుర్రకథకు దొరికేది కొద్ది నిమిషాలు. పట్టుచొక్కా, తలపాగా, అందెలు అన్నీ వుంటాయి. వ్యవధి చాలదని కోత పెట్టవలసి వస్తే మొదట పోయేది వంతల సంభాషణ.