చెన్నపురి ఆంధ్రులు - ఆంగ్లపదార్థ జ్ఞానము

1639వ సంవత్సరమున దామెర్ల వేంకటాద్రి నాయకునివలన ఆంగ్లేయులు చెన్నపట్టణమున స్థలము సంపాదించిరి. నాటినుండి వారికిని దేశీయులకును నడుమ దుబాసీల అవసరము కలిగెను. ఆ వృత్తియందు తెలుగువారు పెక్కండ్రు ప్రసిద్ధికెక్కిరి. అచ్చు నిఘంటువులు లేని ఆ దినములలో ఆంగ్లపదములు ముఖ్యముగా వినికిడివలననే అలవడుచుండెను.

న్యాయస్థానములు వెలసిన పిమ్మట ఈ వినికిడి చదువు చాలదయ్యెను. అచ్చట ఒక మాటకు అర్థము తప్పినచో ఒకని మాన్యమే తప్పిపోవచ్చును. ఒంగోలు వాస్తవ్యుడైన వెన్నెలకంటి సుబ్బారావు 1815 నుండి 1829 వరకు చెన్నపురి సదరు అదాలతులో అనువాదకుడు. పిల్లలు అర్థమెరుగక పద్యములు వల్లించుచున్నారని ఆయన 1820లో పాఠ్యపుస్తక సంఘమునకు నివేదించెను. ఆంగ్లమున ఆయన వ్రాసికొన్న స్వీయచరిత్ర 1873లో వెలువడినది. సుప్రీముకోర్టులో ద్విభాషియైన ఏనుగుల వీరాస్వామయ్య యన్ననో, ఆంగ్లము బాగుగా నేర్చియు, తన 1830-31 నాటి కాశీయాత్రను తెలుగుననే వ్రాసెను. అది 1838లో అచ్చుపడినది.

ఈ కాలముననే నిఘంటువులును పుట్టినవి. అయితే అవి మొదట మనకొరకు పుట్టినవి కావు. కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పుటకై 1812లో సెయింట్ జార్జి కోట కళాశాల ఏర్పడెను. మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక తోడ్పాటుతో కాంబెల్ దొర 1821లో ప్రకటించిన నిఘంటువున తెలుగు మాట ముందు, ఆంగ్లార్థము పిదప. 1835లో మారిస్ దొర నిఘంటువు ఈ వరుసను తిరుగవేసెను. 1852-54 నడుమ వెలువడిన బ్రౌను నిఘంటువులు రెండు త్రోవలను చూపినవి. వానిలో ఆంగ్లము ముందుగా గలది ఆంగ్లపు నుడికారములను, పదబంధములను తెలుగున వివరించినది.

ఈ వివరణ యెంత అవసరమో ఒక చిన్న మాటవలన తెలియును. 'టేక్' అనగా 'తీసికొను' అని మాత్రమే వల్లించినవాడు మందు 'పుచ్చుకొనుట', దుర్గము 'పట్టుకొనుట', ప్రమాణము 'చేయుట' అనుచోట్ల తడబడును. ఆంగ్లమున మాట ఒక్కటే. తెలుగున క్రియలు మూడు. ఈ భేదము నెరిగినవానికే ఆ పదము వశమగును. కనుక ఆంగ్లము నేర్చుటకై మన పూర్వులు తెలుగును విడువలేదు. తెలుగు తెలిసియుండుటయే వారికి అర్థము నిర్ణయించు త్రాసైనది.

నేడు చెన్నపురి తెలుగు గృహములలో ఆంగ్లపదమునకు మరియొక ఆంగ్లపదమునే అర్థముగా నేర్చుచున్న బాలబాలికలు పలువురు కలరు. అది తప్పు కాదు. కాని ప్రతిపదము చెంతను దాని తెలుగు మాటనుగూడ ఇంట పెద్దలు చెప్పవలెను. అట్లు చెప్పనిచో, ఇరుభాషల నడుమ వారధియై నిలిచిన దుబాసీల సంతతికి రెండవ తీరము కనుమరుగగును. దినమునకొక్క మాటకైనను తెలుగున అర్థము చెప్పుకొనుట ఏ యింటికిని భారము కానేరదు.