వ్యాసపరీక్ష: పూర్వోత్తరములు

యూసుఫ్‌గూడకును జూబ్లీహిల్స్ చెక్‌పోస్టునకును నడుమ, ఇరుకు సందులతోను, అంతస్తు మీద అంతస్తుగా లేచిన అద్దెగదులతోను క్రిక్కిరిసియున్న కృష్ణానగర్, చలనచిత్ర పరిశ్రమను నమ్ముకొని ఊళ్లు విడిచి వచ్చిన లైట్‌మెన్‌లకు, జూనియర్ ఆర్టిస్టులకు, మేకప్ సహాయకులకు, డ్రైవర్లకు, ఒక్క అవకాశమునకై ఏండ్ల తరబడి తిరుగు యువరచయితలకు నివాసభూమియని తెలుగువారందరును ఎరుగుదురు. కాని ఆ గదులలో పదవ తరగతి చదువు పిల్లలును గలరనియు, వేసవి తొలినాళ్లలో అచ్చటి జిరాక్సు దుకాణముల బల్లల మీద మాదిరి ప్రశ్నపత్రముల ప్రతులు దొంతరలుగా పేరుకొనుననియు తలచువారు తక్కువ.

అట్టి ప్రతి నొకదానిని చేతబట్టి చూచితిమేని, తొలిపుటలో నొక గద్యభాగమును, దానిని చదివి ఐదు ప్రశ్నలు తయారుచేయుమను ఆదేశమును కానవచ్చును. విద్యార్థి అంతకుముందెన్నడును చూడని గద్యమగుటచే దీనికి అపరిచిత గద్యమని పేరు. జవాబు చెప్పుటయే కాక ప్రశ్నను సైతము తానే కల్పింపవలసియుండుట మా తరము వారెరుగని విశేషము. ఇది మంచి విశేషమే. పుట త్రిప్పినచో లేఖ, కరపత్రము, సంభాషణ, ఇంటర్వ్యూకు ప్రశ్నావళి, అభినందన వ్యాసము అనువానిలో నేదో యొకటి వ్రాయుమని యుండును. సంభాషణారచనయే జీవనోపాధిగా గల పేటలో, సంభాషణ వ్రాయుట నేర్చుటకు పిల్లవాడు గైడు కొనవలసివచ్చుట వింతలలో వింత.

ఈ ప్రశ్నపత్రమునకు పూర్వులు మదరాసున గలరు. 1857లో మదరాసు విశ్వవిద్యాలయము స్థాపితమై, తన ద్వారమున మెట్రిక్యులేషన్ పరీక్షను నిలిపిన నాటినుండి తెలుగు గద్యము చదువు మార్కులతో ముడివడినది. ఆ కాలమునకు గద్యమన్నచో పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రిక; ఆ గద్యమునకు కొలబద్ద యన్నచో ఆయనయే 1858లో ప్రకటించిన బాలవ్యాకరణము. సూరి గద్యము యొక్క సౌష్ఠవమును, ధారను నేను కాదనను; తెలుగు వాక్యమును అంత నిబ్బరముగా నడిపినవారు అరుదు. అయినను కాకియు, తాబేలును, మూషికమును నీతులు పలుకు కథాగద్యమునే గద్యమాత్రమునకు ప్రమాణముగా పెట్టుకొనుటవలన, కన్నదానిని కన్నట్లుగా, లెక్కించినదానిని లెక్కతో, విన్నదానిని విన్నవాని పేరుతో చెప్పు గద్యమును మన పాఠశాలలు చిరకాలము దరిజేరనీయలేదు.

అట్టి గద్యము తెలుగున లేకపోలేదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టున ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో సపరివారముగా కాశికి బయలుదేరి, కడప, కర్నూలు సీమలు దాటి, శ్రీశైలము సేవించి, హైదరాబాదు, సికింద్రాబాదుల మీదుగా నాగపురపు బాట పట్టి, 1831 సెప్టెంబరున ఇల్లు చేరెను. త్రోవ పొడుగునను ఆయన దినచర్య వ్రాయుచునేయుండెను. ఏ మజిలీకి ఏ మజిలీ ఎంత దూరము, బాట ఇసుకయా రాయియా, దిగుటకు చోటెట్టిది, నీళ్లు ఎక్కడ దొరకును, అంగళ్లలో సామాను ఏమి గలదు, ఆ సీమను ఎవరేలుచున్నారు అనునవి యన్నియు, తాను నిత్యము మాటలాడు భాషలో, కోర్టు ఉద్యోగమున పట్టుబడిన నిష్కర్షతో నాయన వ్రాసెను. 1838లో అచ్చుపడిన ఆ కాశీయాత్ర చరిత్రలో సంధులు విడిచినచోట్లును, అన్యదేశ్యములు దొర్లినచోట్లును ఎన్నియో గలవు. చెప్పదలచినది చెప్పక విడిచినచోటు మాత్రము దొరకుట కష్టము. నేటి మన పిల్లవాడు జూబ్లీహిల్స్ రాళ్లగుట్టల మీద మెట్రో రైలెక్కి పోవు ఈ ప్రాంతమునకు కొన్ని మైళ్ల దూరముననే, ఆ బాటసారి పల్లకీ దాదాపు రెండువందల సంవత్సరములకు పూర్వము సాగిపోయినదన్నమాట.

ఇక ఏ తెలుగున వ్రాయవలెనను వివాదమునకు వత్తము. జె.ఎ. యేట్స్ అను ఆంగ్లేయ పాఠశాలాధికారి 1906 ప్రాంతమున ఉత్తర సర్కారులలో తనిఖీలు చేయుచు, తాను పుస్తకములలో నేర్చిన తెలుగునకును బడిపిల్లల నోట వినవచ్చు తెలుగునకును ఇంత దూరమేలయని ప్రశ్నింపగా, విశాఖపట్టణము ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాధ్యాపకులగు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను పర్లాకిమిడి గిడుగు రామమూర్తి పంతులు కడకును, విజయనగరపు గురజాడ అప్పారావు కడకును చేర్చెను. పండితులలో ప్రశ్న రేగుట యొక యెత్తు. అది పరీక్షను సోకుట మరియొక యెత్తు. మెట్రిక్యులేషన్ స్థానమున స్కూలు ఫైనలు వచ్చి, దేశభాషలో వ్యాసరచన అందొక యంగమగుసరికి, ఏ తెలుగున వ్రాసిన పిల్లవాడు కృతార్థుడగును, ఏ తెలుగున వ్రాసిన తప్పును అను ప్రశ్న ఇంటింటి ప్రశ్నయయ్యెను. 1912-13లో స్కూలు ఫైనలు బోర్డు కార్యదర్శి, వ్యాసమును కావ్యభాషలోగాని వ్యావహారికములోగాని వ్రాయవచ్చునని ప్రకటించి, ఆధునిక భాషకు లక్ష్యములుగా బ్రౌను రీడరును, ఆర్డెన్ వ్యాకరణమును, వాని సరసన వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను పేర్కొనెను.

ఈ మూడవ పేరును చదువరులు గమనింతురు గాక. వ్యాసము వ్రాయవలసిన పదునాలుగు పదునైదేండ్ల బాలునకు ఆదర్శముగా నొక యాత్రికుని దినచర్యను చూపుటకంటె సరియైన పని ఆ బోర్డు చేయగలదా? కాని ఆ పుస్తకము ఎట్లు చూచుట నేర్పునో, చూచినదానిని ఏ వరుసలో పెట్టుట నేర్పునో విచారించినవారు లేరు. దాని క్రియాపదములు లక్షణబద్ధములా కావా యనుటయే వాదమైనది. 1911లోనే జయంతి రామయ్య పంతులు ముందునడువ ఆంధ్రసాహిత్యపరిషత్తు ఏర్పడియుండెను. సభలును, విజ్ఞాపనములును, కరపత్రములును వెల్లువగా వచ్చెను. విశ్వవిద్యాలయము నియమించిన ఉపసంఘములో గ్రాంథికపక్షమునకే బలమధికమగుటచే, 1914లో గురజాడ ఆంగ్లమున సుదీర్ఘమైన అసమ్మతిపత్రము సమర్పించి ఊరకుండవలసివచ్చెను. అచిరకాలములోనే వ్యాసరచనకిచ్చిన స్వేచ్ఛ రద్దయ్యెను. మరుసటి సంవత్సరము నవంబరున గురజాడ గతించెను. గిడుగు మాత్రము విడువక, గ్రాంథికము నెరుగుదుమనువారి గ్రంథములలోనే గ్రాంథికపు దోషములను ఏరి చూపుచు, 1940లో కన్నుమూయుదాక ఆ పోరు సాగించెను. పండితులే తప్పులు లేకుండ వ్రాయలేని భాషలో పసివాడు తప్పులు లేక వ్రాయవలెననుట న్యాయమా యను ఆయన ప్రశ్నకు సమాధానము నేటికిని ఎవరును చెప్పలేదు. (ఇంతకును ఈ వ్యాసము నడచుచున్నది పరిషత్తు వారి బాటలోనేకదా యని ఎవరైన నవ్విన నవ్వవచ్చును. అరసున్నలు విడిచితిని గనుక ఆనాటి పరీక్షకుని చేతబడినచో నాకును ఉత్తీర్ణత సందేహమే.)

నైజాము సీమలో కథ వేరు. అక్కడ ఏ తెలుగు అను ప్రశ్న పుట్టకముందే తెలుగు ఉండునా యను ప్రశ్న పుట్టెను. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము హైదరాబాదున వెలసినది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు అదే నగరమున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాము లింకను చరిత్రతో నారంభించి, చరిత్రములును, శాస్త్రములును తెలుగున వరుసగా ప్రకటింపజొచ్చిరి. కథలు కాని గద్యమును సామాన్య పాఠకుని చేతికి ఇచ్చుటకై జరిగిన తొలి గట్టిప్రయత్నము ఇదియే. అది మొలకెత్తినది మన నగరముననే యనుట గర్వింపదగినది. మండలి పిదప మదరాసునకు తరలిపోయెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమమున వెలయగా, ఉన్నతపాఠశాలలలో తెలుగు పిల్లవాడు చరిత్రయైనను గణితమైనను ఉర్దూలోనే చదివి, ఉర్దూలోనే పరీక్ష వ్రాయవలసినవాడయ్యెను. 1928లో మాడపాటి హనుమంతరావు పంతులు ప్రభృతుల కృషిచే వెలసిన ఆంధ్ర బాలికా పాఠశాల తెలుగున బోధించుటకు పట్టుబట్టి, ఇచ్చటి గుర్తింపు దొరకక, తన బాలికలను పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయపు పరీక్షకు పంపవలసివచ్చెను. తెలుగు దేశమున తెలుగున పరీక్ష వ్రాయుటకు మహారాష్ట్రుల ఆశ్రయము! 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తు ఏర్పడి, ప్రాథమిక, ప్రవేశ, విశారద పరీక్షలను నెలకొల్పినపుడు, బడిలో తెలుగు నోచుకోనివారు, ఉద్యోగములలో నున్నవారు, గృహిణులు, ఊరూర కేంద్రములలో కూర్చుండి వ్రాసిరి. పరీక్షయన్న భయమేగాని ప్రేమ యెరుగని మనకు, పరీక్ష వ్రాయుటయే యొక భాషాసేవయైన ఆ దినములు ఊహకందుట కష్టము.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాతి సంగతులు త్వరగా చెప్పవచ్చును. తెలుగు మాధ్యమము విస్తరించినది. 1968లో తెలుగు అకాడమి వచ్చినది. పాఠ్యపుస్తకములలో క్రమముగా శిష్టవ్యావహారికము గ్రాంథికమును త్రోసిరాజనెను. గిడుగు పక్షము గెలిచినది గాని, గెలుపుతో పాటు రావలసిన రచనాభ్యాసము రాలేదు. క్రియాపదము మారినది, గైడులోని వ్యాసమును కంఠస్థము చేయు పద్ధతి మారలేదు.

ఆ దశాబ్దములలోనే కృష్ణానగర్‌కు పునాది పడుచుండెను. అమీర్‌పేట కడ సారథీ స్టూడియోస్ లేచి, 1959లో మా ఇంటి మహాలక్ష్మి సంపూర్ణముగా హైదరాబాదుననే నిర్మితమయ్యెను. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభించిరి. పరిశ్రమ మదరాసునుండి కొంచెము కొంచెముగా తరలివచ్చెను. తెర మీద పేరు గలవారు గుట్టల మీద మేడలు కట్టుకొనిరి. పేరు లేనివారు పల్లమున కృష్ణానగర్ చేరిరి. ఆ పల్లమునకు గోదావరి యాసయు, పల్నాటి యాసయు, రాయలసీమ యాసయు, పాలమూరు, ఓరుగల్లు యాసలును వచ్చి చేరినవి. ఒక్క తరగతిగదిలో ఇన్ని తెలుగులు కూర్చుండునట్టి పేట మన దేశమున మరియొకటి ఉండునో లేదో.

ఈ పిల్లల చేతిలోని పాఠ్యపుస్తకము, తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడిన పిదప కూర్చబడినది, నిష్పక్షపాతముగా చూచిన మెచ్చదగినదే. అందు సామల సదాశివ ఎవరి భాష వాళ్ళకు వినసొంపు అనుచున్నారు. ఆదిరాజు వీరభద్రరావు గోలకొండ పట్టణమును త్రిప్పి చూపుచున్నారు. కృష్ణస్వామి ముదిరాజ్ భాగ్యరెడ్డివర్మ జీవితమును చెప్పుచున్నారు. ఒక పత్రికా సంపాదకీయమును, ఒక కథాసంపుటికి గూడూరి సీతారాం వ్రాసిన ముందుమాటయు సైతము పాఠములైనవి. సంపాదకీయమును ఎట్లు చదువవలెనో, ముందుమాట ఏ పనికై పుట్టునో పదవ తరగతిలో నేర్పవలెనని తలచుట చిన్నయసూరి నాటినుండి చూచిన చాల దూరపు ప్రయాణము. పరీక్షయు నందుకు తగినట్లు మారి, నూటికి ఎనుబది మార్కులు వ్రాతపరీక్షకును, ఇరువది మార్కులు బడిలోనే జరుగు ప్రాజెక్టుపనులు, పుస్తకసమీక్షలు మొదలగువానికిని కేటాయింపబడినవి.

కాగితము మీద ఇంత చక్కని యేర్పాటు, సందు చివరి ఇంటర్‌నెట్ దుకాణమునకు చేరుసరికి ఏమగుచున్నది? ప్రాజెక్టుపని ప్రింటుగా దొరకును. పుస్తకసమీక్ష పుస్తకము చూడకయే దొరకును. అపరిచిత గద్యములు వందలుగా జవాబులతో కుట్టిన పుస్తకమై దొరకును. జవాబు తెలిసిన గద్యము ఇక అపరిచితమెట్లగును? తండ్రి రాత్రి షూటింగు ముగించుకొని వేకువ జామున వచ్చి, వాన యంత్రము చెడి వంద మంది తడియక నిలిచిన సంగతి చెప్పగా, దానిని బడిలో తోటివారికి పూసగ్రుచ్చినట్లు చెప్పగల బాలిక, నివేదిక వ్రాయుమన్నంతనే పర్యావరణ పరిరక్షణ మన కర్తవ్యమని మొదలుపెట్టును. ఆమెకు భాష లేక కాదు. తాను విన్నది, తన పేటలో జరిగినది పరీక్షకాగితమునకు అర్హమని ఆమెకు చెప్పినవారు లేరు.

కావున తెలుగు ఉపాధ్యాయులకు నా విన్నపమొకటి గలదు. ఎనిమిదవ తరగతి మొదలుకొనియే, గైడు తెరువకముందు, వీరాస్వామయ్య హైదరాబాదు సీమను దాటిన పుటలను వారమునకొకటిగా పిల్లలచేత చదివింపుడు; ఆయన దేనిని ముందు చెప్పెనో, దేనిని లెక్కతో చెప్పెనో, దేనిని విడిచెనో వారినే ప్రశ్నలు వేయనిండు. అటుపిమ్మట తమ సందు నుండి బడివరకు గల త్రోవను అదే పద్ధతిని ఒక పుటలో వ్రాయింపుడు. ఏ యాసలో వ్రాసినను మొదటి చిత్తుప్రతిలో ఎర్రసిరా పెట్టకుడు.