ఫియోన్ జీతం బిల్లు

మచ్చ పడిన అభ్యర్థిని పార్టీ మోయాలా? 2017 ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నిక చూడండి.

2016 నవంబరులో రిపబ్లికన్ల ప్రైమరీలో ఫ్రాన్స్వా ఫియోన్ మూడింట రెండొంతుల ఓట్లతో గెలిచాడు. నిజాయితీపరుడని పేరు. 5 లక్షల ప్రభుత్వోద్యోగాలు తగ్గిస్తానన్నాడు. 2017 జనవరి 25న ఒక వారపత్రిక, ఆయన భార్య పార్లమెంటరీ సహాయకురాలిగా ఏళ్ళ తరబడి ప్రజాధనం తీసుకుందనీ, పని చేసిన ఆనవాళ్ళు లేవనీ రాసింది. తనపై కేసు నమోదైతే తప్పుకుంటానని మర్నాడే టీవీలో మాటిచ్చాడు. మార్చి 1న అది ఖాయమని తెలిశాక మాట తప్పాడు. మార్చి 6న పార్టీ నాయకత్వం ఏకగ్రీవంగా ఆయన్నే బలపరిచింది.

రుజువయ్యేదాకా నిర్దోషే కదా అంటారు. నిజమే, అది శిక్ష వేసే కోర్టు సూత్రం. పదవికి ఎంపిక చేసే పార్టీ అడగాల్సింది వేరు. నేను ఉద్యోగకాలమంతా జీతం బిల్లులు చూసినవాణ్ణి. అభ్యంతరం రాసిందెవరని కాదు, పని చేసినట్టు కాగితమేదని అడగాలి.

ప్రైమరీలో 40 లక్షల మందికి పైగా ఇచ్చిన తీర్పు మాటేమిటి? ఓటేసేనాటికి వాళ్ళకీ సంగతి తెలియదు.

ఏప్రిల్ 23న 20 శాతంతో ఫియోన్‌ది మూడో స్థానం. 2020లో కోర్టు దోషి అంది. 2024లో అది ఖరారైంది. తీర్పు వేరుగా వచ్చినా పార్టీది తప్పే. ఆధారం అడగాల్సిన చోట విధేయత చూపింది.