ఆఫీసు ఉత్తరాల్లో ఇంగ్లీషు: మన వాళ్లు తడబడే మాటలు

ప్రభుత్వ ఆఫీసుల నుంచి మన ఇళ్లకు, మన సంఘాలకు వచ్చే ఉత్తరం తెలుగులో ఉండటం అరుదు. కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో అయితే తరతరాలుగా ఇక్కడే ఉన్నాం కనుక ఎలాగో గట్టెక్కుతాం. చిక్కంతా ఇంగ్లీషు ఉత్తరంతోనే. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలకు కూడా ఈ ఇంగ్లీషు కొరుకుడు పడదు. ఇది బడిలో చెప్పే రకం కాదు. ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా ఇలాంటి ఉత్తరాలు రాసినవాణ్ణి, ఇప్పుడు సంఘం కార్యదర్శిగా అవే ఉత్తరాలు అందుకుంటున్నాను. అందుకని మన వాళ్లు ఎక్కువగా పొరబడే మాటలు కొన్ని రాస్తున్నాను.

ముందు 'కాల్ ఫర్'. నేను ఇంకా ఉద్యోగంలో ఉన్న రోజుల్లో మా పేటలో ఉన్న బడికి తెలుగు సెక్షన్ కావాలని సంఘం అర్జీ పెట్టింది. జవాబు వచ్చింది. పిల్లల పేర్లు, తరగతులు, తల్లిదండ్రుల సంతకాలతో సహా వివరాలు 'ఆర్ కాల్డ్ ఫర్' అని, పదిహేను రోజుల్లోగా అని, 'ఫెయిలింగ్ విచ్' డిమాండ్ లేనట్టు భావిస్తామని. అప్పటి పెద్దలు అది చదివి, వాళ్లే కాల్ చేస్తారనుకుని ఫోను కోసం ఎదురుచూశారు. నెల దాటాక ఒక పెద్దాయన ఆ కాగితం నా దగ్గరికి తెచ్చి, "ఇంకా కాల్ రాలేదేం బాబూ?" అని అడిగారు. అప్పటికి గడువు దాటి పదహారు రోజులు. ఆ ఏడు తెలుగు సెక్షన్ రాలేదు. ఒకటో తరగతిలో చేరిన మన పిల్లలు తెలుగు అక్షరాలు బడిలో చూడనేలేదు.

'కాల్ ఫర్' అంటే పంపమని అడగడం. 'ఎక్స్‌ప్లనేషన్ ఈజ్ కాల్డ్ ఫర్' అంటే సంజాయిషీ రాసి ఇవ్వాలి. 'కాల్ ఆఫ్' అంటే విరమించుకోవడం, సమ్మె కాల్ ఆఫ్ చేశారంటాం చూడండి, అది. 'కాల్ ఆన్' అంటే వెళ్లి కలవడం, 'కాల్ అపాన్' అంటే ఫలానా పని చేయమని కోరడం. 'ఫెయిలింగ్ విచ్' అనే రెండు మాటలు ఎక్కడ కనబడ్డా అక్కడ ఎర్ర సిరాతో గీత గీసుకోండి. 'అలా చేయకపోతే' అని దాని అర్థం. ఆ తర్వాత వచ్చేదే అసలు దెబ్బ.

'పుట్' కుటుంబం ఇంకా పెద్దది. ఆఫీసులో 'పుట్ అప్' అంటే ఫైలు పై అధికారి ముందు పెట్టడం. 'యువర్ రిక్వెస్ట్ హాజ్ బీన్ పుట్ అప్' అని వస్తే పక్కన పెట్టేశారని బాధపడకండి, ఒప్పుకున్నారని సంబరపడకండి. పైకి వెళ్లింది, అంతే. 'పుట్ ఆఫ్' అంటే వాయిదా. 'పుట్ అప్ విత్' అంటే ఓర్చుకోవడం. 'పుట్ ఇన్' అంటే అర్జీ దాఖలు చేయడం; సర్వీసు 'పుట్ ఇన్' చేశారంటే అన్నేళ్లు పని చేశారని.

కొన్ని మాటల్లో ముందుమాట వెనక్కి పోతే అర్థమే తిరగబడుతుంది. 'లుక్ ఓవర్' అంటే చూసి పరిశీలించడం, 'ఓవర్‌లుక్' అంటే చూడకుండా వదిలేయడం. 'సెట్ అప్' అంటే నెలకొల్పడం, 'అప్‌సెట్' సంగతి అందరికీ తెలిసిందే. 'హోల్డ్ అప్' అంటే ఆలస్యం చేయడం, 'అప్‌హోల్డ్' అంటే సరైనదేనని నిలబెట్టడం. ఈ చివరిది మనకు బాగా పనికొస్తుంది. కన్నడంలోనో మాతృభాషలోనో మాత్రమే నాలుగో తరగతి దాకా బోధించాలన్న 1994 నాటి కర్ణాటక ఉత్తర్వును కొన్ని బడుల విషయంలో హైకోర్టు 2008లో 'స్ట్రక్ డౌన్' చేసింది, అంటే చెల్లదని కొట్టేసింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2014లో 'అప్‌హెల్డ్' అంది. హైకోర్టు తీర్పును ఆపి ఉంచారని మా సభ్యుడొకరు చాలాకాలం నమ్మారు. సంగతి సరిగ్గా దానికి ఎదురు.

అసలు మనకు అన్నిటికంటే ముఖ్యమైన మాట 'ఎండెవర్'. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతుల గురించి చెబుతుంది. అక్కడున్న 'ఎండెవర్' అంటే ప్రయత్నం, గట్టి పూనిక. ఇచ్చి తీరాలి అనడానికీ, ఇవ్వడానికి పూనుకోవాలి అనడానికీ ఉన్న తేడా అంతా ఆ ఒక్క మాటలో ఉంది. అయితే దాని ముందు 'షల్' ఉంది. పూనుకోవడం మాత్రం వాళ్ల ఇష్టానికి వదల్లేదు. కాబట్టి అర్జీలో "మాకు ఇచ్చి తీరాలని రాజ్యాంగం చెప్పింది" అని రాయకండి, గుమాస్తా నవ్వుకుంటాడు. "ఏ ప్రయత్నం చేశారో తెలపండి" అని అడగండి. దానికి జవాబు చెప్పక తప్పదు. 'షల్' అంటే చేసి తీరాలి, 'మే' అంటే చేయవచ్చు, చేయకపోవచ్చు. 'సబ్జెక్ట్ టు' అంటే ఫలానా షరతుకు లోబడి. 'సబ్జెక్ట్ టు అవైలబిలిటీ' అని ఉంటే టీచరు దొరికితేనే. అలాంటప్పుడు 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్న లెక్కను గుర్తు చేయాలి: బడి మొత్తంలో నలభై మంది గానీ, ఒక తరగతిలో పదిమంది గానీ ఆ భాష పిల్లలుంటే టీచరును వేయాలి. మనం సంతకాలు సేకరించేది అందుకే.

తమిళనాట మన వాళ్లను ముంచిన మాట 'ఇన్ ఎ ఫేజ్డ్ మేనర్', అంటే అంచెలంచెలుగా. తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 చట్టం 2006-07లో ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున పైకి వచ్చింది. ఒకటో తరగతికే కదా అని ఊరుకున్నవాళ్లకు 2015-16లో పదో తరగతి పరీక్ష దగ్గర తెలిసింది. అప్పుడు కోర్టుకు వెళ్లి తెచ్చుకున్నది 'ఎగ్జెంప్షన్', అంటే ఆ విడతకు మినహాయింపు. చట్టం పోలేదు. 'ఫేజ్ ఔట్' అనేది దీనికి తోబుట్టువే, అంచెలంచెలుగా ఎత్తేయడం. ఒక సెక్షన్ 'ఫేజ్ ఔట్' అవుతుందని రాస్తే ఈ ఏడు పిల్లలు చదువుకుంటూనే ఉంటారు, కొత్తవాళ్లను మాత్రం చేర్చుకోరు. ఎవరికీ నొప్పి తెలియకుండా బడి పోయే పద్ధతి ఇదే.

కాలం చెప్పే మాటలు చిన్నవే. 'ఫోర్త్‌విత్' అంటే వెంటనే. 'ఎట్ ది ఎర్లియస్ట్' అంటే వీలైనంత త్వరలో. 'ఇన్ డ్యూ కోర్స్' అంటే సమయం వచ్చినప్పుడు. ఆ సమయం ఎప్పుడో రాసినవాడికీ తెలియదు, నేనే ఎన్నిసార్లు రాశానో. 'కెప్ట్ ఇన్ అబెయన్స్' అంటే ప్రస్తుతానికి నిలిపి ఉంచారు. 'కెనాట్ బి యాక్సీడెడ్ టు' అంటే ఒప్పుకోవడం కుదరదు. దీన్ని 'ఎక్సీడ్' అని చదివి, ఏదో పరిమితి దాటిందనుకునేవాళ్లున్నారు. 'టర్న్ డౌన్' కూడా తిరస్కరించడమే, కాకపోతే ఆ మాట ఉత్తరాల్లో తక్కువ, పత్రికల్లో ఎక్కువ.

'ఫైల్డ్' అనే మాటతో జాగ్రత్త. కోర్టులో కేసు 'ఫైల్' చేశారంటే మొదలైందని. ఆఫీసు నోటులో 'మే బి ఫైల్డ్' అని రాశారంటే ఇక కదిలించనక్కర్లేదు, కట్ట కట్టేయవచ్చని. 'లాడ్జ్' కూడా అంతే. ఫిర్యాదు లాడ్జ్ చేస్తే మొదలు, కాగితం లాడ్జ్ అయితే ముగింపు. పాత మద్రాసు రాజధాని ఆఫీసుల పద్ధతిలో ఫైలు నంబరు ముందు 'ఎల్.డిస్.' అని ఉంటే అది లాడ్జ్డ్ డిస్పోజల్, ఏడాది ఉంచి తీసేసేది. 'ఆర్.డిస్.' అయితే శాశ్వతంగా దాచేది.

ఇక నుడికారాలు. ఇవి ఉత్తరాల్లో కంటే పత్రికల్లో, ఉపన్యాసాల్లో ఎక్కువ. 'రెడ్ టేప్' ఇంగ్లండులో సర్కారు కాగితాలు కట్టిన ఎర్ర పట్టీ నుంచి వచ్చింది. ఆ జాప్యానికి ఇప్పుడు అదే పేరు. 'పుట్ ఆన్ ది బ్యాక్ బర్నర్' అనే దానికి మనకు చక్కటి మాట ఉంది, అటకెక్కించడం. 'ఫ్రమ్ పిల్లర్ టు పోస్ట్' తిరిగామంటే కాళ్లరిగేలా తిరిగామని. ఇందులో పోస్టాఫీసు ఏమీ లేదు. 'టర్న్ ఎ డెఫ్ ఇయర్' అంటే పెడచెవిన పెట్టడం. 'డెడ్ లెటర్' అంటే పుస్తకంలో ఉండి ఎవరూ పాటించని చట్టం. 'ఇన్ బ్లాక్ అండ్ వైట్' అంటే రాతపూర్వకంగా. ఆఫీసరు గారు నోటితో హామీ ఇస్తే మర్యాదగా ఈ మాట వాడి కాగితం అడగండి.

మన దేశంలో మనమే వేరే అర్థంలో వాడుకునే ఇంగ్లీషు కూడా ఉంది. 'పాస్ ఔట్' అంటే మనకు చదువు పూర్తి కావడం, ఇంగ్లండులో ఎక్కువగా స్పృహ తప్పడం. విదేశంలో ఉన్న పిల్లలు ఉద్యోగానికి రాసేటప్పుడు 'గ్రాడ్యుయేటెడ్' అని రాసుకుంటే గొడవ ఉండదు. 'ప్రీపోన్' మన దగ్గర ఎక్కువగా వినబడేది, నిఘంటువుల్లోకీ ఎక్కింది. 'రివర్ట్' అంటే పూర్వస్థితికి తిరిగి రావడం. 'రివర్ట్ బ్యాక్' అని జవాబు అనే అర్థంలో రాస్తున్నాం. ప్రమోషన్ వచ్చిన ఉద్యోగిని 'రివర్ట్' చేశారంటే కింది పోస్టుకు దించారని, అది చూసి ఎవరికీ అభినందనలు చెప్పకండి. 'డు ది నీడ్‌ఫుల్' పాత మాటే. తప్పేమీ లేదు గానీ, ఏ పని కావాలో ముందు స్పష్టంగా రాసి ఆ తర్వాత అది రాయండి.

ఒక సౌకర్యం మాత్రం ఉంది. అర్జీ అనే మాట కర్ణాటకలో అర్జి, మహారాష్ట్రలో అర్జ్, ఎక్కడైనా అర్థమవుతుంది. తమిళనాట మను అనాలి, ఒడిశాలో దరఖాస్తు.

ఇంగ్లీషు ఉత్తరం ఏదైనా వస్తే, అర్థమైనా కాకున్నా, మీ ఊరి తెలుగు సంఘం వాళ్లకు ఒకసారి చూపించండి. తెచ్చేటప్పుడు కవరు పారేయకండి. గడువు ఉత్తరం అందిన రోజు నుంచి లెక్కయితే కవరు మీది పోస్టు ముద్రే మనకు సాక్ష్యం.