మలి చదువు కోసం అల్లిన కథ

పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ 16వ శతాబ్దపు కావ్యం, ఎనిమిది ఆశ్వాసాలు. కృతిభర్త నంద్యాల కృష్ణమరాజు. తోటి ప్రబంధకవులు పురాణాల్లోంచి కథలు తెచ్చుకుంటుంటే సూరన సొంతంగా అల్లుకున్నాడు. అల్లినదాన్ని తిన్నగా చెప్పనూ లేదు.

కావ్యానికి పేరిచ్చిన నాయకుడు కథ చాలా దూరం నడిచాక గానీ పుట్టడు. ద్వారకలో కలభాషిణి ఉయ్యాల ఊగుతుండగా ఆకాశంలో రంభా నలకూబరుల విమానం వెళ్తుంది. అక్కడ పడిన ముడి మారురూపాలు, శాపాల మీదుగా మరుజన్మల దాకా సాగుతుంది. మణికంధరుడు కళాపూర్ణుడవుతాడు, కలభాషిణి మధురలాలస అవుతుంది. శాలీనుడు, సుగాత్రి అనే దంపతులలో ఆడ మగ తారుమారై, ఆ తర్వాతే వారికి కళాపూర్ణుడు పుడతాడు. అన్నిటికీ మూలం సత్యలోకంలో బ్రహ్మ సరస్వతికి చెప్పిన ఒక కథ. బ్రహ్మ మాట పొల్లుపోదు గనక అది భూమ్మీద జరిగి తీరాలి. వైజ్ఞానిక నవలలు కాలంతో ఆడే ఆటకు ఇది ఏ మాత్రం తీసిపోదు. మొదటి చదువులో పాఠకుడు పాత్రల వెంట పరుగెత్తుతాడు. ఈ మూలం తెలిశాక వెనక్కి వస్తే ఉయ్యాల ఘట్టమే కొత్తగా కనిపిస్తుంది.

పూర్వం వేగంగా చదవడానికి వీలే ఉండేది కాదు. తాటాకు మీద పదాల మధ్య ఎడం ఉండదు. సంధి విడదీసి, అన్వయం కుదిరాకే ముందుకు పోవాలి. సూరనదే ‘రాఘవపాండవీయం’లో రామాయణ, భారత కథలు రెండూ ఒకే పద్యాల్లో నడుస్తాయి గనక అక్కడ రెండోసారి చదవడం తప్పనిసరి. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తర్వాతి కాలంలో అక్కడి తన బంగళాలో పండితులను పోషించి, కావ్యాల ప్రతులను పక్కపక్కన పెట్టి సరిచూయించాడు. జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో ‘మనుచరిత్ర’ను 1851లో అచ్చువేయించాడు.

అచ్చు వచ్చాక చదువు వేగం పెరిగింది. కళాపూర్ణోదయాన్ని మళ్లీ నింపాదిగా విప్పి చూసినవాడు కట్టమంచి రామలింగారెడ్డి. 1914 నాటి ‘కవిత్వతత్త్వ విచారము’లో పద్యాల సొగసు కంటే కథాసంవిధానానికే ఆయన పెద్దపీట వేశాడు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌లు 2002లో దీన్ని ఆంగ్లంలో నవలగానే తెచ్చారు. ‘ఎన్నడూ చెప్పకూడని కథ’ అన్నది దాని ఉపశీర్షిక. ఆ నిషేధం కావ్యంలోనిదే, అనువాదకులు పెట్టింది కాదు.